నూటేడో సెక్షన్ తాయెత్తు

1976లో అమెరికా కాంగ్రెసు కొత్త కాపీరైట్ చట్టం చేసింది. అందులో 107వ సెక్షన్ రాసిన పెద్దమనుషులకు పెదకూరపాడు ఎక్కడుందో తెలిసే అవకాశం లేదు. గుంటూరు నుంచి నడికుడి పోయే రైలుమార్గంలో అదొక స్టేషననీ, చుట్టుపక్కల మిరప, పత్తి పండుతాయనీ వాళ్లకెవరూ చెప్పి ఉండరు. అయినా ఆ సెక్షన్ సముద్రాలు దాటి మన పల్నాడుకు వచ్చి స్థిరపడింది. ఫోనులో ఏ తెలుగు సినిమా కబుర్ల వీడియో తెరిచినా, కింద డిస్క్రిప్షన్‌లో ఆ నంబరు ఉంటుంది. "కాపీరైట్ యాక్ట్ 1976, సెక్షన్ 107 కింద ఫెయిర్ యూజ్‌కు వెసులుబాటు ఉంది" అని ఇంగ్లిషులో నాలుగైదు లైన్లు. పెట్టినవాడు చదవలేదు, చూసేవాడు చదవడు. పక్క ఛానల్లోంచి ఎత్తి అతికించినవే. పోస్టర్ ఎత్తుకొచ్చినందుకు కాపలాగా పెట్టిన వాక్యం కూడా ఎత్తుకొచ్చినదే. నిబద్ధత అంటే అదీ!

దీన్ని తాయెత్తు అనడమే న్యాయం. కట్టుకున్నవాడికి లోపల ఏ రేకు ఉందో, దాని మీద ఏం గీశారో తెలియదు. తెలుసుకోవాల్సిన పనీ లేదు. చేతికి ఉంటే గాలి సోకదని నమ్మకం. ఇక్కడ గాలి అంటే నిర్మాతగారి వకీలు.

పెదకూరపాడులో ఓ కుర్రాడు సినిమా ఛానల్ పెట్టాడనుకుందాం. ఊరు ఏదైనా ఫరవాలేదు, క్రోసూరైనా అచ్చంపేటైనా ఇదే వరస. మొన్న విడుదలైన సినిమా పోస్టర్‌ను హెచ్‌డీలో దింపుకుంటాడు. హీరో బొమ్మ కత్తిరించి ఒక పక్క, హీరోయిన్ బొమ్మ ఇంకో పక్క, మధ్యలో మెరుపు, పైన ఎర్ర బాణం, కింద "షాక్‌లో ఇండస్ట్రీ" అని పసుపు అక్షరాలు. థంబ్‌నెయిల్ సిద్ధం. వీడియో తొమ్మిది నిమిషాలు. అందులో ఆ సినిమా గురించి ఒక్క ముక్క ఉండదు. ఎవరో ఎవరికో ఫోన్ చేశారట, ఆయన ఎత్తలేదట. చివరగా మనవాడు చేసే పని చూడండి: ఎవరో గీసిన ఆ పోస్టర్ మీద అడ్డంగా తన ఛానల్ పేరు వాటర్‌మార్కుగా వేస్తాడు. ఎవరైనా కాపీ కొడతారని భయం. రోజులు బాగాలేవు మరి.

ఈ తాయెత్తుల్లో రకాలున్నాయి. నూటేడోది ఖరీదైన రకం. దాని తర్వాతది "కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం మాకు లేదు". గుమ్మడికాయల దొంగ ఎవరని ఇంకా ఎవరూ అడగలేదు, అప్పుడే భుజాలు తడుముకోవడం. ఉద్దేశం లేకుండా పోస్టర్ తనంతట తాను ఫోనులోకి దూకి, రెండు వైపులా కత్తిరించుకుని, థంబ్‌నెయిల్లో కూర్చుందని మనం నమ్మాలి.

మూడోది "క్రెడిట్స్ టు ఓనర్". ఏ ఓనరుకు? పేరుండదు. నిర్మాణ సంస్థ పేరు, డిజైనర్ పేరు పోస్టర్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండేవి, ఆ భాగమే కోసేశాం కదా, థంబ్‌నెయిల్ కొలతకు పట్టలేదు. 2012లో చేసిన సవరణతో మన కాపీరైట్ చట్టంలోకి 65బీ అనే సెక్షన్ వచ్చింది. రచన ఎవరిదో తెలిపే వివరాలను తెలిసి తెలిసీ తొలగిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. పేరు కోసేసి "క్రెడిట్స్" అని రాయడం ఆ సెక్షన్‌కు ఎంత దగ్గరగా కూర్చుంటుందో మనవాడికి తెలియదు. దానికి తాయెత్తు ఇంకా మార్కెట్లోకి రాలేదు.

నాలుగోది "గూగుల్లో దొరికింది". గూగుల్ వెతికిపెట్టింది గాని గీయలేదు. ఆ బొమ్మల పక్కనే "ఈ చిత్రాలకు కాపీరైట్ ఉండవచ్చు" అని వాళ్లే రాస్తారు. ఆ వాక్యాన్ని మాత్రం ఎవరూ కాపీ కొట్టరు.

అయిదో రకం పల్లెటూరి తర్కం: గోడల మీద అంటించిందేగా, గోడ మీదికి వచ్చాక అందరిదీ. దీనికి చట్టంలో కొంత పోలిక ఉన్న మాట నిజం. కూడలిలో శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహాన్ని ఫొటో తీసి ప్రచురించుకోవచ్చు, ఆ వెసులుబాటు చట్టమే ఇచ్చింది. కానీ మైదా జిగురుతో అంటించిన పోస్టర్ విగ్రహమూ కాదు, శాశ్వతమూ కాదు. శుక్రవారం అంటిస్తే ఆదివారానికి దాని మీద ఇంకోటి పడుతుంది, లేదా గేదె నములుతుంది. గేదెకు మాత్రం మినహాయింపు ఉన్నట్టే. అది పూర్తిగా వ్యక్తిగత వినియోగం.

ఇంతకీ ఆ నూటేడోది ఏమంటుంది? విమర్శ, వార్త, బోధన, పరిశోధన వంటి పనులకు న్యాయంగా వాడుకుంటే ఉల్లంఘన కాదంటుంది. న్యాయమో కాదో తేల్చడానికి జడ్జిని నాలుగు సంగతులు చూడమంటుంది: ఎందుకు వాడావు, వాడినది ఎలాంటి రచన, అందులో ఎంత వాడావు, నీ వాడకం వల్ల దాని మార్కెట్టుకు ఏమవుతుంది. "ఈ సెక్షన్ నంబరు కింద వేశావా లేదా" అనేది అయిదో సంగతిగా వాళ్లు చేర్చలేదు.

2006లో అక్కడొక పోస్టర్ల కేసు తేలింది. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే సంగీత బృందం చరిత్రను డోర్లింగ్ కిండర్‌స్లీ పుస్తకంగా వేసింది. పాత కచేరీల పోస్టర్లు, టికెట్లు కలిపి ఏడు బొమ్మలను బాగా చిన్నవి చేసి, ఆ కచేరీల తేదీల దగ్గర అచ్చేసింది. హక్కుదారు బిల్ గ్రాహం ఆర్కైవ్స్ దావా వేసింది. కోర్టు పుస్తకం పక్షానే నిలబడింది. జనాన్ని కచేరీకి పిలవడానికి గీసిన బొమ్మ ఆ పుస్తకంలో చరిత్రకు సాక్ష్యంగా మారింది, సైజు తగ్గింది, చుట్టూ రాత ఉంది, పోస్టర్లు అమ్ముకునే వ్యాపారానికి నష్టం లేదు. ఇవీ కారణాలు. ఎర్ర బాణం, మెరుపు, "షాక్‌లో ఇండస్ట్రీ" ఆ పుస్తకంలో ఉన్నట్టు తీర్పులో కనబడదు.

అసలు విషాదం ఏమిటంటే, అంత దూరం నుంచి అప్పు తెచ్చుకోవాల్సిన అవసరమే మనకు లేదు. 'మాయాబజార్' విడుదలైన 1957లోనే మన కాపీరైట్ చట్టమూ వచ్చింది. సినిమాను మనం వందసార్లు చూశాం, చట్టాన్ని ఒక్కసారీ చూడలేదు. ఆ చట్టం 52వ సెక్షన్ మొదట్లోనే న్యాయమైన వాడకానికి మూడు దారులు తెరిచింది: సొంత వినియోగం, పరిశోధన ఒకటి. విమర్శ, సమీక్ష రెండోది. వర్తమాన సంఘటనల వార్త మూడోది. రెండో దారిలో ఇంకో మంచి మాట ఉంది: ఆ రచన మీదైనా సరే, వేరే రచన మీదైనా సరే. అంటే పోస్టర్‌నే విమర్శించనక్కర్లేదు. సినిమాను సమీక్షిస్తూ పక్కన దాని పోస్టర్ పెట్టుకోవచ్చు.

మన కుర్రాడు సత్తెనపల్లి పోయి మొదటాట చూసొచ్చి, "మొదటి సగం బాగుంది, రెండో సగంలో హీరో ఎందుకు ఏడ్చాడో నాకు తెలియలేదు, డైరెక్టరుకూ తెలిసినట్టు లేదు" అని చెప్పి పక్కన పోస్టర్ పెట్టాడనుకోండి. చట్టం అతని వెనక ఉంది. డిస్క్రిప్షన్‌లో ఏ నంబరూ వేయనక్కర్లేదు. చెప్పాల్సింది ఉన్నవాడికి తాయెత్తు అక్కర్లేదు, చెప్పాల్సింది లేనివాడిని తాయెత్తు కాపాడదు. ఈ వ్యాసానికి ఇదే సారాంశం. తొందరున్నవాళ్లు ఇక్కడ ఆగిపోవచ్చు.

ఆగనివాళ్లు ఫ్లెక్సీ షాపు దాకా రండి. పెళ్లి ఫ్లెక్సీలో 'పుష్ప' పోస్టర్, గడ్డం కింద చెయ్యి అదే, తల మాత్రం పెళ్లికొడుకుది. పుట్టినరోజు ఫ్లెక్సీలో 'బాహుబలి' సింహాసనం, దాని మీద మూడేళ్ల బాబు. వీటి మీద ఏ నిర్మాతా కేసు పెట్టడు. పెడితే వచ్చే సినిమాకు టికెట్ కొనేదెవరు? కానీ కేసు పెట్టకపోవడం ఆయన మంచితనమో లౌక్యమో అవుతుంది, మన హక్కు కాదు. 63వ సెక్షన్ ప్రకారం తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆర్నెల్ల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. 64వ సెక్షన్ ఎస్సై హోదాకు తగ్గని ఏ పోలీసు అధికారికైనా వారంటు లేకుండా కాపీలను స్వాధీనం చేసుకునే అధికారం ఇచ్చింది. ఈ నేరం బెయిలు హక్కుగా దొరకని రకమని 2022లో సుప్రీంకోర్టు నిట్ ప్రో కేసులో తేల్చింది. పెళ్లికొడుకును పుష్పరాజ్‌ను చేసినందుకు ఎవరినీ లోపల వేయరు గాని, అదే పోస్టర్ మిరప విత్తనాల కొట్టు మీదికి ఎక్కి "తగ్గేదేలే దిగుబడి" అని అమ్మకం మొదలుపెట్టాక సంగతి వేరు. అప్పుడు పోస్టర్ హక్కుకు తోడు హీరో మొహం హక్కు కూడా లేచి కూర్చుంటుంది. తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడుతున్నారని 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. విత్తనం మొలవకపోతే రైతు కొట్టువాడిని అడుగుతాడు. హీరో పోస్టర్‌ను అడగలేడు కదా.

ఇక్కడి దాకా చదివి నిర్మాతలు చప్పట్లు కొడుతుంటే, దయచేసి ఆపండి. మీ వంతు ఇప్పుడే.

ఫస్ట్ లుక్‌ను ముహూర్తం చూసి, ఉదయం పది గంటల ఎనిమిది నిమిషాలకు వదులుతారు. పది తొమ్మిదికి "షేర్ చేయండి" అంటారు. అభిమానులంతా ఫోనుల్లో ఒకే బొమ్మ పెట్టుకోవాలని కామన్ డీపీ కూడా తయారు చేసి ఇస్తారు. ఎన్ని లక్షలమంది పంచుకుంటే అంత గొప్పని మళ్లీ దాని మీదే ఇంకో పోస్టర్ వేస్తారు. పోస్టర్ పుట్టుకే పంచుకోవడం కోసం. తీరా శుక్రవారం బొమ్మ పడ్డాక, అదే పోస్టర్ "బ్లాక్‌బస్టర్" అన్నవాడి వీడియోలో ఉంటే ప్రచారం, "సాగింది" అన్నవాడి వీడియోలో ఉంటే దొంగతనం. రెండోవాడికి కాపీరైట్ స్ట్రైకు. యూట్యూబ్‌లో తొంభై రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. విమర్శకు జవాబు చెప్పలేనివాడికి ఇంతకన్నా చవకైన ఆయుధం లేదు. ఇదీ తాయెత్తే, కాకపోతే కట్టుకునేది కాదు, ఎదుటివాడి మీద విసిరేది.

ఈ విసిరే తాయెత్తుకు కూడా 1957 చట్టంలో విరుగుడుంది. 60వ సెక్షన్. హక్కుదారునని చెప్పి ఎవరైనా ఆధారం లేకుండా కేసులంటూ బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవాడే కోర్టుకు వెళ్లి "నేను ఉల్లంఘించలేదని తేల్చండి" అని అడగొచ్చు, బెదిరింపు ఆపించొచ్చు, నష్టం రాబట్టొచ్చు. నూటేడోది నోటికి వచ్చినవాళ్లలో ఈ అరవయ్యోది విన్నవాళ్లు ఎంతమంది? పరాయి సెక్షన్ ముంజేతికి కట్టుకున్నాం, మన సెక్షన్ అటక మీద పడి ఉంది.

పైగా పోస్టర్ల పవిత్రత గురించి మాట్లాడే ముందు పరిశ్రమ కాస్త గొంతు సవరించుకోవాలి. 2015లో నీళ్లలోంచి పసిబిడ్డను పైకెత్తిన చేయితో 'బాహుబలి' పోస్టర్ వస్తే, 1998 నాటి 'సైమన్ బిర్చ్' పోస్టర్ పక్కన పెట్టి జనం పోల్చారు. అంతకుముందు ఏడాది రేడియో పట్టుకున్న ఆమిర్ ఖాన్ 'పీకే' పోస్టర్‌ను ఓ పోర్చుగీసు గాయకుడి పాత రికార్డు అట్టతో పోల్చారు. ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉందని 1978లోనే సుప్రీంకోర్టు ఆర్.జి.ఆనంద్ కేసులో చెప్పింది గనుక, పోలిక ఉన్నంత మాత్రాన నేరం కాదు. ఒప్పుకున్నాం. ఆ విశాల హృదయం పెద్ద పోస్టర్‌కు వర్తించినప్పుడు, చిన్న సమీక్షకుడికి కూడా కొంచెం మిగల్చండి.

ఇంకో నమ్మకం ఉంది: పాత సినిమా అయితే ఏదైనా వాడుకోవచ్చు. పల్నాటివాళ్లం గనుక ఉదాహరణ కూడా పల్నాటిదే తీసుకుందాం. 'పల్నాటి యుద్ధం' రెండుసార్లు తెరకెక్కింది. 1947 నాటిది గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టగా, ఆయన పోయాక ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశారు. అందులో కన్నాంబ నాయకురాలు. 1966 నాటిదాంట్లో భానుమతి నాయకురాలు, ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు. సినిమా మీద హక్కు విడుదలైన ఏడాది దాటాక 60 ఏళ్లు. ఆ లెక్కన మొదటిది 2007తో తీరిపోయింది, రెండోదానికి 2026 డిసెంబరు 31 దాకా ఉంది. యుద్ధం ఒకటే, కోడిపందెం ఒకటే, హక్కుల గడువు మాత్రం వేరు.

పోస్టర్ లెక్క ఇంకా వేరు. గీసిన బొమ్మ అయితే గీసినవాడు పోయిన ఏడాది దాటాక 60 ఏళ్లు. గీసినవాడెవరో తెలియకపోతే అచ్చయిన ఏడాది దాటాక 60. పబ్లిసిటీ డిజైనర్ ఈశ్వర్ పాలకొల్లువారు, 'సినిమా పోస్టర్' పేరుతో పుస్తకమే రాశారు. బాపు తీసిన 'సాక్షి' (1967)తో ఆయన ఈ రంగంలో నిలబడ్డారు, 2021లో పోయారు. 'సాక్షి' సినిమా హక్కు 2027తో ముగుస్తుంది. ఈశ్వర్ చేత్తో గీసిన బొమ్మ మీద హక్కు 2081 దాకా బతుకుతుంది. సినిమా ఊరందరి సొత్తు అయ్యాక కూడా దాని పోస్టర్ ఇంకో అర్ధ శతాబ్దం ఒకరి సొత్తు.

ఎవరి సొత్తు? ఇక్కడే చట్టం కూడా వ్యంగ్యం రాస్తుంది. డబ్బిచ్చి గీయించుకున్న బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం మొదటి యజమాని గీయించుకున్నవాడే. అంటే హక్కు నిర్మాతది, దాన్ని కొలిచే ఆయుష్షు చిత్రకారుడిది. ఆయన ఎక్కువకాలం బతికితే నిర్మాత ఆస్తి ఎక్కువకాలం ఉంటుంది. చిత్రకారుడికి మిగిలేవి 57వ సెక్షన్ ఇచ్చిన రెండే: ఇది నేను గీశానని చెప్పుకునే హక్కు, తన బొమ్మను పరువు పోయేలా వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. హక్కులన్నీ అమ్మేసినా ఇవి పోవు. సరిగ్గా ఆ మొదటిదాన్నే మనం కోసేస్తున్నాం. నిర్మాతకు పోయేదేమీ లేదు, ఆయన పేరు సినిమాలో ఉంది. మూలన నాలుగు అక్షరాల సంతకం పెట్టుకున్న మనిషి పేరు మీద మన ఛానల్ లోగో కూర్చుంటుంది. "ఎక్స్‌క్లూజివ్" అని కూడా రాస్తాం.

మన పెదకూరపాడు నియోజకవర్గంలోనే ఉన్న అమరావతి శిల్పాల కథ వింటే ఈ "ఎక్స్‌క్లూజివ్" జబ్బు పాతదేనని తెలుస్తుంది. 1845లో వాల్టర్ ఎలియట్ ఆ స్తూపం దగ్గర తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, అక్కడి నుంచి ఓడెక్కి లండన్ చేరాయి. పంపమని అమరావతివాళ్లు సంతకం పెట్టిన కాగితం ఉన్నట్టు ఎవరూ అనరు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం ఆ శిల్పాల ఫొటోలను ఆన్‌లైన్‌లో పెట్టింది: పేరు చెప్పి వాడుకోండి, వ్యాపారానికి మాత్రం వద్దు అనే లైసెన్సుతో. రాయి మనది, రెండువేల ఏళ్ల కిందటి ఉలి మనది, షరతు వాళ్లది. నవ్వొస్తుందా? రావాల్సిందే. కానీ ఆ నవ్వు పూర్తయ్యేలోపు మన వాటర్‌మార్కు ఒకసారి చూసుకోవాలి. వాళ్లు కనీసం ఆ రాయి అమరావతిదని రాశారు.

సరిగ్గా చేసేవాళ్లు లేరా? ఉన్నారు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో సినిమా పోస్టర్ పెట్టాలంటే పద్ధతుంది. ఉచిత లైసెన్సు లేని బొమ్మ గనుక అన్ని భాషల వికీలకూ ఉమ్మడి బొమ్మల భాండారమైన కామన్స్‌లో దానికి చోటు లేదు. 2007లో వికీమీడియా ఫౌండేషన్ చేసిన తీర్మానం ప్రకారం అలాంటి బొమ్మల వాడకానికి హద్దులుండాలి: అవసరమైనంత మేరకే, ఏ వ్యాసంలో ఎందుకు వాడుతున్నారో కారణం రాసి. జీతం లేని పని చేస్తూ, ఒక పోస్టర్ పెట్టడానికి కారణం రాసేవాళ్లు అక్కడున్నారు. పోస్టర్ మీద ప్రకటనల డబ్బు తీసుకుంటూ, కారణం అడిగితే అమెరికా సెక్షన్ చూపించేవాళ్లు ఇక్కడున్నాం.

కాబట్టి థంబ్‌నెయిల్ సోదరులకు ఒక చిన్న పరీక్ష. పోస్టర్ కింద అయిదు వాక్యాలు రాయండి లేదా చెప్పండి. సినిమా మీద మూడు, పోస్టర్ మీద ఒకటి, దాన్ని ఎవరు చేశారో ఒకటి. అయిదూ వచ్చాయా, పోస్టర్‌ను తగ్గించి పెట్టుకోండి, ఏ నిర్మాత బెదిరించినా అరవయ్యో సెక్షన్ ఉంది, భయపడకండి. ఒక్కటీ రాలేదా, పోస్టర్ తీసేసి మీ సెల్ఫీ పెట్టుకోండి. దాని మీద సర్వహక్కులూ మీవే, ఎవడూ స్ట్రైకు వేయలేడు. సెల్ఫీ పెట్టాక వ్యూస్ పడిపోతే, అప్పటిదాకా మీరు అమ్మింది ఎవరి సరుకో ఆ అంకె చెబుతుంది.